టేపు తిరిగింది, బల్ల తిరగలేదు

టైలరు మాస్టరు ఆ ఉదయం పెట్టుకున్న పని వినడానికి చిన్నదే. మేడమీది పిన్‌బాల్ బల్లను కింద కొట్లోకి దించాలి, కాఫీ తాగాలి, కొట్టు తెరవాలి.

ఆ బల్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఏటవాలు పెట్టెలో ఉక్కు గోలీని వదిలి, అది జారిపోకుండా రెండు రెక్కలతో కొడుతూ ఆడే పాతకాలపు ఆట అది. మూతపడ్డ ఆటలకొట్టు నుంచి తుప్పుపట్టి వచ్చినదాన్ని మాస్టరు ఒక్కో తీగా అతికి, దీపాలు వెలిగించి, గంటలు మోగించాడు. దాన్ని చూసినప్పుడల్లా ఆయన ఛాతీ కొలత మారిపోయేది.

ఇప్పుడది కొట్లో ఉండి తీరాలి. మాస్టరు కుట్టుకి వంక పెట్టేవాళ్లు లేరు, చెప్పిన రోజుకి ఇవ్వడమే ఆయనకు చేతకాదు. తిరిగి తిరిగి విసిగిన వాళ్లంతా ఎదురుగా తెరిచిన రెడీమేడ్ షాపువైపు చూస్తున్నారు. వచ్చినవాళ్లను బట్టలయ్యేదాకా ఈ ఆటతో కూర్చోబెట్టకపోతే ఇక కొట్టు మూసుకోవడమే.

"మా తమ్ముడికి ఫోన్ చేస్తే నలుగురిని వెంటబెట్టుకొస్తాడు కదండీ," అంది భార్య.

"మీ తమ్ముడా! బస్తా దించినట్టు దబ్బున దించుతాడు. నువ్వూ నేనూ చాలు. అంగుళం అంగుళం కొలిచి పెట్టాను."

నిజంగానే కొలిచాడు. గోలీలు తీసి గుండీల డబ్బాలో వేశాడు. అద్దం తీసి మంచం మీద పడుకోబెట్టాడు. వెనక నిలువుగా ఉండే దీపాల తలభాగం ఊడదీసి, కాళ్లు విప్పి, మిగిలిన పెట్టెకు బొంతలు చుట్టి తాళ్లు బిగించాడు. మెట్ల మీద చెక్కలు పరిచి, తాను కింద నిలబడి కాచుకుంటానన్నాడు. భార్య ససేమిరా అంది.

"అది జారిందంటే మీ కొలతలు మళ్లీ తీసుకోవాలి. ఇద్దరం పైనుంచే తాడు పట్టుకుందాం."

అలాగే వదిలారు. బల్ల చిన్న గీత కూడా పడకుండా మెట్ల మలుపు దాకా దిగింది. మాస్టరు మీసం దువ్వుకున్నాడు. బల్ల అక్కడే ఆగిపోయింది. ముందుకు తోస్తే గోడ, వెనక్కి లాగితే కమ్మీలు.

"కొలిచానన్నారు?"

"కొలిచానే! టేపు ఇక్కణ్ణుంచి పట్టి, ఇలా తిప్పి, అక్కడి దాకా..." అని నోరు మూసుకున్నాడు. టేపు మలుపులో చక్కగా తిరిగింది. బల్ల తిరగదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుడ్డతోనే బతికిన మనిషికి, వంగని వస్తువులు కూడా ఉంటాయని తట్టలేదు పాపం.

సరిగ్గా అప్పుడే ప్యాంట్ల కోసం బస్సు డ్రైవరూ, యూనిఫాం కోసం నర్సమ్మా వచ్చారు. కొట్టు మూసి ఉంది. పక్కనున్న మెట్లవైపు తొంగిచూస్తే, బొంతల్లో చుట్టిన మనిషంత మూట!

"అమ్మ బాబోయ్, సర్దేస్తున్నాడు!" అన్నాడు డ్రైవరు.

"నా గుడ్డ కూడా అందులోనే ఉండుంటుంది," అంది నర్సమ్మ.

ఆ మాట వీధి చివరికి చేరేసరికి, మాస్టరు అందరి బట్టలూ మూటగట్టుకుని ఊరొదిలి పారిపోతున్నాడని ఖాయమైపోయింది. మెట్లనిండా జనం.

"నా చొక్కా ఏది?" "మా పాప గౌను ఏది?" "ముందు కిందికి దిగండి!"

"ఎలా దిగనండీ, దారికడ్డంగా ఇది ఉంటే!" మూట వెనక మాస్టరు తల మాత్రమే కనిపిస్తోంది. "ఇందులో బట్టల్లేవు. ఇది ఆట ఆడుకునే బల్ల!"

"బాగుంది కథ! విప్పండి చూద్దాం."

మాస్టరు ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లలో ఆలస్యం చేసి ఉండొచ్చు గానీ, ఎవరి గుడ్డముక్కా దాచుకున్న పాపాన పోలేదు. భార్యకు మాత్రం ఒళ్లు మండింది.

"విప్పండమ్మా, విప్పండి! మా ఆయన చేతిపని చూశాక అప్పుడు మాట్లాడండి!"

నర్సమ్మ ముళ్లు విప్పింది. బొంతలు జారాయి. మిలమిలలాడే రంగుల బల్ల బయటపడేసరికి అందరూ మెడలు చాచి చూశారు. డ్రైవరు మెల్లగా దాని అంచు నిమిరాడు.

"ఇది మీరే బాగుచేశారా మాస్టరు గారూ?"

"మరి ఇంకెవరనుకున్నారు?" అంది భార్య, ఆయన నోరు తెరిచేలోపే.

నలుగురు చేయి వేసినా బల్ల మలుపు తిరగనంది. సరే, ఉన్నచోటే నిలబెడదామన్నారు. వాళ్లు ఎత్తి పట్టుకుంటే మాస్టరు కాళ్లు బిగించి, తల అమర్చి, గోలీలు వేసి, అద్దం మూశాడు. మలుపులోని చదునుకి బల్ల కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పైగది నుంచి వైరు లాగి మీట నొక్కితే దీపాలు వెలిగాయి, గంటలు మోగాయి. డ్రైవరు గోలీ కళ్లు మూసి తెరిచేలోపు జారిపోయింది. నర్సమ్మ వరసగా గంటలు మోగించింది. మెట్ల మీద వరస కట్టారు, తోసుకున్నారు, నా వంతంటే నా వంతన్నారు.

కాసేపు చూసి చూసి, మాస్టరు బల్ల కాళ్ల మధ్యనుంచి పాక్కుంటూ కిందికి దిగి, కొట్టు తెరిచాడు. అంతటి మనిషి పాకాల్సి వచ్చినా మోకాళ్లు దులుపుకున్న తీరులో గర్వం ఉంది. "అయిందా?" అని తల మీద నిలబడి అడిగేవాళ్లు లేరు. కుట్టుమిషను ఆగకుండా నడిచింది. సాయంత్రానికి ఉన్న బట్టలన్నీ అయిపోయాయి.

"నర్సమ్మగారూ, మీ యూనిఫాం సిద్ధం! డ్రైవరుగారూ, ప్యాంట్లు!"

"అక్కడే ఉంచండి మాస్టరు గారూ," అని పైనుంచి కేకేసింది నర్సమ్మ, "ఇంకో రెండాటలు ఆడి వస్తాం."

కుట్టిన బట్టలు రెండు చేతుల్లో పట్టుకుని, మాస్టరు ఖాతాదారుల కోసం మెట్ల కింద నిలబడి ఎదురుచూశాడు.