మంగళగిరి గంజి సమరము

దొరల యుద్ధజ్వాల లోకమెల్ల వ్యాపించి, బెజవాడ బజారులలో తెల్లకాగితము కంటికానని వస్తువైపోయిన పందొమ్మిదివందల నలుబదినాలుగవ సంవత్సరమున, పానకాలస్వామి చల్లనిచూపు సోకిన మంగళగిరిలో, మగ్గముల టకటకారావముతో మార్మోగు సాలెవీధిలో, ఒకానొక ఉదయమున, గంజికుండ యెదుట ఘోరసమరమొకటి సంభవించెను.

అందు కథానాయిక భావనారాయణ ధర్మపత్ని, చిత్తుకాగితసంగ్రహధురంధర, నాగమల్లేశ్వరి. ఆ వీరనారి ఆరుమాసములు ఇల్లిల్లు దండెత్తి, శుభలేఖల ఖాళీవీపులను, బట్టలకొట్టు పొట్లపుకాగితములను, విప్పిన కవరుల లోపలి తెలుపును చెరపట్టి తెచ్చి, నలుబది పుటలుగ కత్తిరించి కుట్టి, నూలుబేళ్ల అట్టముక్కలను కవచములుగను, చిరిగిన చీర అంచును వెన్నుగను సిద్ధపరచెను. అత్తగారు పున్నమ్మ పాడు తిరుగలిపాటలన్నియు అందు వ్రాయవలెనని యామె ప్రతిజ్ఞ. ఏలయన డెబ్బదియేండ్ల ఆ కంఠము ఈమధ్య చరణములను మరచుచుండెను.

ఇక వలసినది, ఆ పుస్తకపు వెన్ను నతికించుటకు గరిటెడు గంజి. కాని రేషనుబియ్యపు దినములలో ఆ గంజి చుక్కచుక్కయు మగ్గమున కెక్కు పడుగునూలు గట్టిపడుటకే అంకితము. దానికి కావలి, పిలిచిన పలుకకున్నను కుండమూత చప్పుడు మాత్రము వీధిచివరనుండి వినగల గరిటాయుధధారిణి, పున్నమ్మయే.

నాగమల్లేశ్వరి మూత నెత్తెను. తత్క్షణమే గరిటె యామె మణికట్టుపై వ్రాలెను.

"ఏందమ్మాయ్, గంజి చాలక పడుగు తెగితే జనం నీ కాగితాలు కట్టుకుంటారా?"

"ఒక్క గరిటెడే అత్తయ్యా. మీ పాటల పుస్తకానికి. నిన్న సీతమ్మ పాట సగంలో ఆపేశారుగా."

మరల లేచిన గరిటాయుధము గాలిలోనే నిలిచెను. పున్నమ్మ కోడలి చంకలోని ఆ ఖాళీపుటలను తడిమిచూచెను.

"ఎవరూ గమనించలేదనుకున్నా," అనెను మెల్లగ. మరుక్షణమే కనుబొమలు ముడివడెను. "మా చెల్లెలు శివపార్వతి పాడే పాటలు కూడా ఎక్కిస్తావా?"

"లేదత్తయ్యా. అన్నీ మీవే."

"దాని పాటల్లో సగం నా దగ్గర ఎత్తుకెళ్ళినవే. నా పేరు పెద్దక్షరాల్తో రాయి. అది కళ్ళజోడు లేకుండా చదవాలి."

అంతట ఆ దానశీల గరిటెనిండ గంజి ముంచి, మరల ఆలోచించి సగము కుండలోనికి వంచి, మిగిలినది కోడలి కొబ్బరిచిప్పలో పోసెను.

సమస్తజనులారా, వినుడు. ఆ అరగరిటెతోనే, జానెడు వెన్నుగల పుస్తకమొకటి, కొంచెము వంకరగనైనను, అతుకుకొని నిలిచెను. గంజి యారకమునుపే పున్నమ్మ గొంతు సవరించుకొని, "రాసుకో," అనెను.