హార్లన్ వాకిట్లో మెర్ల్ సమాధి

ఆ మంగళవారం ఉదయం హార్లన్ టోర్గర్సన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కేఫ్‌లో స్నేహితులిద్దరితో కాఫీ తాగాలి, కొట్టుకెళ్ళి పిల్లలకు పంచే చాక్లెట్లు కొనాలి, ఇంటికి రావాలి. అంతే. శుక్రవారం హాలోవీన్, పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ వచ్చి చాక్లెట్లు అడిగే రాత్రి. సరస్సు మీంచి లేచిన పొగమంచు ఓస్‌బర్గ్ ఊరంతా పరుచుకుంది. ఇళ్ళ మెట్ల మీద పెట్టిన గుమ్మడికాయలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఇలాంటి ఉదయాల్లో ఊరింకా నిద్ర లేవలేదనీ, తాను దాని కలలోంచి నడిచి వెళ్తున్నాననీ హార్లన్‌కు అనిపించేది.

కేఫ్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర మెర్ల్, లవాన్ అప్పటికే ఒక వాదన మధ్యలో ఉన్నారు. మెర్ల్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరైన బ్రహ్మచారి. లవాన్ లూథరన్ చర్చి వంటగదిని ఇరవై ఏళ్ళుగా ఏలుతున్న మనిషి.

"ఒంట్లో బాగోకపోతే టొమాటో సూపు, చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్డు. దాని ముందు ఏ తిండీ నిలబడదు," అంటున్నాడు మెర్ల్.

"అది తిండి కాదు, మందు. మనసు బాగోనప్పుడు తినేదాన్ని తిండంటారు. పాలల్లో మెత్తగా ఉడికించిన అన్నం, మీద దాల్చినచెక్క పొడి, మధ్యలో ఇంత వెన్న," అంది లవాన్. "నువ్వు చెప్పు హార్లన్. నీకేది?"

"హాట్‌డిష్," అన్నాడు హార్లన్ కోటు విప్పుకుంటూ. "కైమా, బీన్సు, పుట్టగొడుగుల సూపు, పైన వరసగా పేర్చిన బంగాళాదుంప బిళ్ళలు. ఓవెన్‌లోంచి తీసేటప్పటికి అంచులు మాడి ఉండాలి. తిని రెండేళ్ళయిందిలే."

"చేసుకోవచ్చుగా?" అన్నాడు మెర్ల్.

"ఒక్కడి కోసం ఎంతని చేస్తాం? అది చేస్తే పదిమందికి చెయ్యాలి."

లవాన్ తన కప్పు వంక చూసుకుంది. హార్లన్ భార్య కోరిన్ పోయి రెండేళ్ళు దాటింది.

మాట హాలోవీన్ మీదికి మళ్ళింది. హార్లన్ కాసేపు నసిగి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. కోరిన్ చనిపోయిన ఏడాది అతను హాలోవీన్ నాడు వరండా దీపం వెయ్యలేదు. దీపం లేని ఇంటికి పిల్లలు వెళ్ళరు. నిరుడు దీపం వేశాడు, గిన్నె నిండా చాక్లెట్లు పోసుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. ఒక్కరు రాలేదు. పిల్లలు అప్పటికే ఆ మెట్లు వదిలేసి వెళ్ళే దారికి అలవాటు పడిపోయారు. ముప్పై ఏళ్ళు ఆ ఊరి పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన మనిషికి ఆ సాయంత్రం చాలా పొడుగ్గా గడిచింది.

"ఈసారి కూడా రాకపోతే ఇక దీపం వెయ్యను. అయిపోయిందనుకుంటాను," అన్నాడు, మామూలు విషయం చెప్తున్నట్టు.

"వాకిట్లో దెయ్యాల కొంప కట్టు," అంది లవాన్. "సమాధులు పెట్టు. పిల్లలు చీమల్లా వస్తారు."

"అట్టముక్కలతో మూడు చేశాను. అవి సమాధుల్లా లేవు, చెప్పుల పెట్టెల్లా ఉన్నాయి."

మెర్ల్ కప్పు కింద పెట్టాడు. "నా రాయి తీసుకో."

మెర్ల్ సమాధిరాయి ఊళ్ళో అందరూ ఎరిగినదేమీ కాదు. పక్కూళ్ళో రాళ్ళు చెక్కే షాపు మూసేస్తున్నప్పుడు చవగ్గా వస్తోందని అతను ముందే కొనిపెట్టుకున్నాడు. నల్ల గ్రానైట్. పేరుంది, పుట్టిన సంవత్సరం ఉంది, తర్వాత ఒక గీత, ఖాళీ. షెడ్డులో దాని మీద పెయింటు డబ్బాలు పెట్టుకుంటున్నాడు.

"నీకేం పట్టింపు లేదుట్రా?" అన్నాడు హార్లన్.

"పట్టింపెందుకు? ఊరికే పడుంది. వాడుకోని వస్తువు కొన్నానన్న బాధైనా పోతుంది."

మధ్యాహ్నానికి ముగ్గురూ కలిసి రాయిని ట్రక్కులోంచి దించి హార్లన్ వాకిట్లో, మేపుల్ చెట్టు కింద నిలబెట్టారు. గీత తర్వాత ఖాళీ చూసి మెర్ల్‌కు మనసొప్పలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడ నడుస్తున్న సంవత్సరాన్ని చక్కటి అంకెల్లో రాశాడు. రెండడుగులు వెనక్కి జరిగి తన చావును కాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత ట్రక్కెక్కి, ఉత్తరాన అడవిలో ఉన్న తన వేటగుడిసె కప్పు బాగుచేసుకోవటానికి వెళ్ళిపోయాడు. శనివారానికి గానీ రాడు. అక్కడ ఫోన్లు పలకవు.

బుధవారం పొద్దున్న కుక్కను తిప్పుతూ పక్క వీధిలో ఉండే ఆర్డిస్ హాగెన్ అటుగా వచ్చింది. పొగమంచులో అట్టముక్కల సమాధులు కనబడలేదు. గ్రానైటు కనబడింది. ఆమె చాలాసేపు నిలబడి, కుక్కను గట్టిగా దగ్గరికి లాక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. హార్లన్ తీసేసరికి ఆర్డిస్ చేతుల్లో తువ్వాల చుట్టిన గాజు గిన్నె ఉంది.

"మీరేం మాట్లాడకండి హార్లన్ గారూ," అంది.

"ఆర్డిస్ గారూ, మెర్ల్ అసలు..."

"తెలుసు. రాయి చూశాను. పాపం, ఎవరూ లేని మనిషి. మీరే దిక్కయ్యారు." గిన్నె అతని చేతుల్లో పెట్టింది. అది కాలుతోంది. "గిన్నెకేం తొందర లేదు. అడుగున పేరు అంటించాను."

కాలుతున్న గిన్నెతో ఎవరి వెంటా పరుగెత్తలేం. హార్లన్ దాన్ని పొయ్యి మీద దించి వచ్చేసరికి ఆమె వీధి మలుపు తిరిగింది. అతను లవాన్‌కు ఫోన్ చేశాడు. ఆమె నవ్వు ఆపుకోవటానికి కొంతసేపు పట్టింది.

"నువ్వు ఆవిడకి చెప్పు లవాన్. మెర్ల్ నిక్షేపంలా ఉన్నాడని చెప్పు."

"చెప్తానులే. అందరికీ చెప్తాను. నువ్వు ముందు అది వేడిగా ఉండగానే తిను."

తువ్వాల విప్పాడు. హాట్‌డిష్. అంచులు మాడి ఉన్నాయి. వంటింటి కిటికీకి ఆవిరి పట్టింది. ఆ కిటికీకి ఆవిరి పట్టి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. మనిషి చావకుండా చావుకూడు తినటం తప్పేమోనని ఆలోచిస్తూనే రెండోసారి వడ్డించుకున్నాడు.

లవాన్ ఎవరికీ చెప్పినట్టు లేదు. గురువారం తెల్లవారేసరికి మెట్ల మీద మరో మూడు గిన్నెలున్నాయి. చావు జరిగిన ఇంటికి వండి తేవటం ఓస్‌బర్గ్‌లో ఆనవాయితీ, తలుపు కొట్టి దుఃఖంలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టటం మాత్రం మర్యాద కాదు. పెట్టేసి, కారు తలుపు చప్పుడు కాకుండా మూసుకుని వెళ్ళిపోతారు.

పది గంటలకు పాస్టర్ వచ్చాడు. కుర్రవాడు, ఆ వేసవిలోనే ఊరికి కొత్తగా వచ్చాడు.

"మెర్ల్ గారికి ఇష్టమైన కీర్తనేదైనా ఉందాండీ?" అని మెల్లగా అడిగాడు.

"మెర్ల్ బతికే ఉన్నాడండీ."

పాస్టర్ తల ఊపాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "అవును. మనందరిలోనూ బతికే ఉంటారు."

"అలా కాదండీ. గుడిసె కప్పు బాగుచేసుకుంటున్నాడు."

"అది కూడా చాలా అందమైన ఊహ," అన్నాడు పాస్టర్, హార్లన్ భుజం నొక్కుతూ.

ఇక లాభం లేదనుకుని హార్లన్ రాయిని పక్కకు లాగబోయాడు. ముగ్గురు మోసిన రాయి ఒక్కడికి కదులుతుందా? పోనీ ఆ సంవత్సరమైనా చెరిపేద్దామని తడిగుడ్డ తెచ్చి, రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాడు. చలిగాలికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల ఎత్తేసరికి కంచె అవతల పక్కింటి వెర్లిన్ నిలబడి ఉన్నాడు. టోపీ తీసి గుండెలకు ఆనించుకుని, తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అరగంటలో వెర్లిన్ భార్య నిమ్మకాయ కేకు ముక్కలు పంపింది.

ఆఖరికి హార్లన్ పెద్ద అట్ట తీసుకుని 'మెర్ల్ చనిపోలేదు' అని రాసి రాయి పక్కనే పాతాడు. సాయంత్రం వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు దాని ముందు ఆగటం పరదా సందులోంచి చూశాడు.

"అయ్యో, మనసు ఒప్పుకోవటం లేదు పాపం," అంది ఒకావిడ.

"కోడి వేసి చేసింది కూడా తెద్దామా?" అంది రెండో ఆవిడ.

ఫ్రిజ్ నిండింది. గిన్నెలు వెనక వరండాలో చలికి బారుతీరాయి. విసుగూ సిగ్గూ ముంచుకొస్తున్నా, ఆ రాత్రి పడుకోబోయే ముందు హార్లన్ ఆ గిన్నెల వరస వంక ఒకసారి చూసి, దీపం ఆర్పటం కాస్త ఆలస్యం చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం బడి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో ఎంతో దయ.

"మాస్టారూ, మీరేం కంగారు పడకండి. పిల్లలందరికీ చెప్పేశాం, ఈ సాయంత్రం మీ ఇంటి వైపు రావద్దని. మీ వీధిలోకే రారు. మీరు ప్రశాంతంగా ఉండండి."

హార్లన్ ఫోన్ పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె అంత ఆప్యాయంగా చెప్పిన తర్వాత కాదనటం ఎలాగో తెలియలేదు. "సంతోషమమ్మా," అన్నాడు.

తర్వాత లవాన్‌కు ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి ఆమె నవ్వలేదు.

"పిల్లల్నా? రావద్దన్నారా?" అంది. "హార్లన్, ఉంటాను. నాకో పనుంది." ఫోన్ పెట్టేసింది.

అతను చాక్లెట్ల సంచులన్నీ కారులో వేసుకుని ఫైర్ స్టేషన్‌కు వెళ్ళాడు. అక్కడ పిల్లలకు ఏటా పార్టీ పెడతారు. సంచులు బల్ల మీద పెట్టి, ఎవరూ ఓదార్చేలోపు బయటపడ్డాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రపు పొగమంచు మళ్ళీ కమ్ముకుంటోంది. దూరంగా, మరో వీధిలో, చిన్న చిన్న లాంతర్లు కదులుతున్నాయి. మనుషులు కనబడటం లేదు, వెలుగులే తలుపు నుంచి తలుపుకు ఈదుతున్నాయి. చూడటానికి అందంగా ఉంది. తనది కానిది కూడా అందంగా ఉండటం ఒక ఊరటేనని అనుకోబోయాడు గానీ, ఈసారి ఆ మాట అంత సులువుగా రాలేదు. లేచి వరండా దీపం మీట దగ్గర నిలబడ్డాడు. వెయ్యలేదు.

అప్పుడు వీధి చివర అరుపులు వినిపించాయి. భయం సగం, సంబరం సగం. పొగమంచులోంచి ఒక ఆకారం వస్తోంది. మూడు రోజుల గడ్డం, నెత్తి నిండా రంపపు పొట్టు, ఒంటి మీద నారింజరంగు వేటకోటు. దాని వెనక అస్థిపంజరాలు, దేవకన్యలు, ఒక డైనోసారు, తెల్లదుప్పటి దెయ్యాలు. పిల్లలందరూ స్వెట్టర్ల మీద వేషాలు బిగించుకుని ఉబ్బిపోయి ఉన్నారు. వాళ్ళ వెనక తల్లిదండ్రులు.

"ఒరేయ్ హార్లన్," అని కేకేసింది ఆకారం. "నేను చచ్చిపోతే నాకో మాట చెప్పాలా లేదా?"

హార్లన్ చెయ్యి తనంతట తనే మీట నొక్కింది. వరండా దీపం వెలిగింది. రెండేళ్ళుగా ఏ పిల్లలూ ఎక్కని మెట్ల మీద ఒక్కసారిగా నిలబడే చోటు లేకుండా పోయింది.

"మాస్టారూ, ఇది నిజంగా ఆయన సమాధేనా?" అంది డైనోసారు.

"నిజమైనదే. కొన్నాను," అన్నాడు మెర్ల్ గర్వంగా. "ముట్టుకోండి. ఒక్కొక్కరే."

పిల్లలు వరసలో నిలబడి సమాధిని ముట్టుకుని, తర్వాత మెర్ల్‌ను ముట్టుకుని, రెంటిలో ఏది చల్లగా ఉందో తేల్చుకున్నారు. ఆ పైన సంచులు తెరిచి హార్లన్ ముందు పట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఇంట్లో ఒక్క చాక్లెట్టు లేదు.

"హాట్‌డిష్ తింటారా?" అన్నాడు, ఇంకేం అనాలో తెలీక.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చలి పెరుగుతోంది. "వేడిగా ఉంటుందా?" అంది ఒక దేవకన్య.

ఓవెన్ వెలిగింది. కాగితం పళ్ళేలు వెర్లిన్ ఇంట్లోంచి వచ్చాయి. కాసేపటికి ఆ వాకిట్లో, మేపుల్ ఆకుల మీద, సమాధుల మధ్య, పొగమంచులో పిల్లలు ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి పళ్ళెం మీంచి ఒక చిన్న ఆవిరి లేచి పొగమంచులో కలిసిపోతోంది. అస్థిపంజరం ఇంకొంచెం కావాలంది. మాటలు తక్కువగా, నమిలే చప్పుళ్ళు ఎక్కువగా వినిపించాయి.

లవాన్ కారు ఆపి వచ్చి మెట్ల మీద కూలబడింది. పోయి రావటానికి నాలుగు గంటలు అడవి దారిలో నడిపి, మెర్ల్‌ను కప్పు మీంచి దింపి తెచ్చి, పిల్లలు తిరుగుతున్న వీధిలో వదిలింది ఆమే.

"ఎవరికీ చెప్పలేదా నువ్వు?" అన్నాడు హార్లన్.

"చెప్పాను. బుధవారం రాత్రే అందరికీ చెప్పాను. ఆర్డిస్ కూడా నవ్వింది."

"మరి?"

లవాన్ చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కోరిన్ పోయినప్పుడు మేమంతా గిన్నెలు పట్టుకుని ఈ మెట్ల మీదే నిలబడ్డాం. నువ్వు తలుపు తియ్యలేదు. జాలీ తలుపు అవతల్నించే 'మాకేం వద్దు' అన్నావు. ఇంట్లో ఒక్కడివే ఉన్నావు, 'మాకు' అన్నావు. గిన్నెలు వెనక్కి తీసుకెళ్ళాం. ఊరికే తెచ్చి పెడదామంటే ఎవరికీ ధైర్యం చాల్లేదు. మన ఊళ్ళో కారణం లేకుండా గిన్నె తీసుకుని ఒకరింటికి వెళ్తామా? ఇన్నాళ్ళకి ఒక కారణం దొరికింది. వదులుకోలేకపోయాం."

హార్లన్ వాకిట్లో తింటున్న పిల్లల వంక చూశాడు.

"వెర్లిన్ టోపీ తియ్యటం?"

"అది నేను చెప్పలేదు. ఆయన సొంత ప్రతిభ."

"ఆ అట్ట దగ్గర నిలబడ్డవాళ్ళు?"

"గుమ్మం దగ్గర పరదా కదలటం చూసి అలా మాట్లాడారు. ఇక బడివాళ్ళకీ పాస్టర్‌కీ చెప్పటం ఒక్కటే మర్చిపోయాను. అది మటుకు నా తప్పే. పిల్లలు రారంటే నా గుండె జారిపోయింది, హార్లన్."

"వచ్చారుగా," అన్నాడు అతను. మెట్ల మీంచి లేచాడు. "వచ్చే బుధవారం మీ చర్చి వంటగదికి గిన్నెలు తెచ్చిస్తాను. ఖాళీవి కాదు. ఏం వండాలో నువ్వే చెప్పు."

పాస్టర్ అప్పుడే వచ్చి మెర్ల్‌ను చూసి, తెల్లబోయి, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అతని చేతికి కూడా ఒక పళ్ళెం ఇచ్చారు. అది అడుగు గోకి పెట్టిన ఆఖరి పళ్ళెం.

పిల్లలందరి చేతా తనను ముట్టించుకోవటం పూర్తిచేసుకుని, మూడు రోజులుగా బిస్కట్లు తప్ప తినని మెర్ల్ ఆకలితో వంటింట్లోకి వచ్చేసరికి, అతని చావుకు వండిన పద్నాలుగు గిన్నెల్లో ఒక్క బంగాళాదుంప బిళ్ళ కూడా మిగల్లేదు.