చిన్నకడుపు ధ్రువపత్రం

మనిషికి కడుపు ఎంత ఉండాలో దేవుడు నిర్ణయిస్తాడు. అందులో ఎంత కోసెయ్యాలో డాక్టరు నిర్ణయిస్తాడు. కానీ కోసిన మాట నిజమా అబద్ధమా అని తేల్చే అధికారం మాత్రం పెద్రామాన్సా పురపాలక సంఘానిదే. ఈ సంగతిలో ఆ ఊళ్లో ఎవరికీ వేరే అభిప్రాయం లేదు. (ఉన్నవాళ్ల కోసం ఒక కిటికీ ఉంది. దాన్ని బుధవారం మాత్రమే తెరుస్తారు.)

బ్రెజిల్‌లో, మినాస్ కొండల నడుమ ఉన్న ఆ ఊళ్లో జురందీర్ స్కూలు బస్సు నడుపుతాడు. వయసు నలభై ఆరు. బరువు తగ్గే ఆపరేషను కోసం ప్రభుత్వాసుపత్రి వరసలో ఆరేళ్లు ఉన్నాడు. వరసలో ఉండగా మరో ఇరవై రెండు కిలోలు పెరిగాడు. ఆ పెరుగుదలకు వరసది ఏ బాధ్యతా లేదని ఆసుపత్రి వారు లిఖితపూర్వకంగా తెలియజేశారు. చివరికి నూట యాభై నాలుగు కిలోల దగ్గర అతని వంతు వచ్చింది. పుచ్చకాయంత కడుపును కోసి అరటిపండంత చేసి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలూ వడకట్టిన నీళ్లచారే గతి. కాఫీ తాగే చిన్న ప్లాస్టిక్ కప్పుతో, పది నిమిషాలకొక కప్పు. ఆ తర్వాత రెండు వారాలు పసిపిల్లలకు పెట్టినట్టు మెత్తగా రుబ్బిన గుమ్మడికాయ. ఆ తర్వాత ముద్దలు. ఆ ముద్దలకూ చట్టం ఉంది: ఒక్కొక్కటి ముప్పైసార్లు నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు, ముక్కు కారడం మొదలైందంటే కడుపు నిండినట్టే కాబట్టి చెంచా కింద పెట్టెయ్యాలి. ఆసుపత్రిలో ఆహార నియమాలు చెప్పే సిబెలె అనే అమ్మాయి ఇవన్నీ చీటీ మీద రాసిచ్చింది. జురందీర్ దాన్ని బస్సులో మేరీమాత బొమ్మ పక్కన అతికించుకున్నాడు. ఏడు వారాల్లో ముప్పై కిలోలు తగ్గాడు. మోకాళ్ల నొప్పులు పోయాయి. చాలా ఏళ్ల తర్వాత తన బూటు లేసు తనే కట్టుకున్నాడు, కట్టుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాతి ఆదివారం, ఆపరేషనయ్యాక మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు, వాళ్లమ్మ ఇంట్లో మొదలైంది.

ఎర్మెలిందమ్మకు డెబ్బై నాలుగేళ్లు. ఆదివారం మధ్యాహ్నం కొడుకు తన బల్ల దగ్గర కూర్చుని తినడం ఆ ఇంట్లో పూజ లాంటిది. ఆ రోజు బెండకాయలేసిన కోడికూర, మొక్కజొన్న సంకటి, చిక్కుడు గింజలు, అన్నం, ఆకుకూర వేపుడు చేసింది. జురందీర్ మూడు చెంచాలు తిన్నాడు. ముక్కు కారింది. చెంచా కింద పెట్టాడు.

"ఏరా, ఉప్పెక్కువైందా?"

"లేదమ్మా. అమృతంలా ఉంది."

"అమృతమైతే మూడు చెంచాలకే ఆపుతార్రా ఎవరన్నా?"

"కడుపు కోశారు కదమ్మా. పట్టదు."

"పట్టదని ఎవడు చెప్పాడు?"

"డాక్టరే చెప్పాడు. ఇదిగో, కాగితం కూడా ఇచ్చాడు."

ఆ కాగితం ఇవ్వడమే అతను చేసిన పొరపాటు. ఎర్మెలిందమ్మ ఊళ్లో రిజిస్ట్రారు కచేరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. ఊరందరి సంతకాలూ సరిచూసి, అసలువో నకిలీవో తేల్చి, ముద్ర గుద్దిన చెయ్యి అది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి, ముందూ వెనకా తిప్పి చూసింది.

"ముద్రేదిరా దీని మీద? ఈ డాక్టరు సంతకం డాక్టరుదేనని ఎవరు సాక్ష్యం? ఇలాంటివి మన పాలవాడు కూడా పది రాసిస్తాడు. చెప్పు, ఆ సుయేలి వంట మరిగి నా వంట చేదైందా నీకు?"

సుయేలి జురందీర్ భార్య. పాపం ఆవిడకు గుడ్డు ఉడకబెట్టడం తప్ప మరొకటి రాదు. ఈ విషయం ఊరందరికీ తెలుసు.

మరుసటి ఆదివారం జురందీర్ వెళ్లేసరికి బల్ల దగ్గర అతని కుర్చీ లేదు. అది వరండాలో ఉంది. దాని మీద పూలకుండీ ఉంది.

"అమ్మా, నా కుర్చీ..."

"తిననివాడికి కుర్చీ ఎందుకురా? మొక్కైతే పోసిన నీళ్లన్నా తాగుతుంది."

జురందీర్‌కు పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయాడు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం అతను కూర్చున్నది ఆ కుర్చీలోనే. ఆ రోజు నిలబడే కాఫీ తాగి ఇంటికొచ్చి, బస్సెక్కి కూర్చుని, తలుపు వేసుకుని ఏడ్చాడు. కడుపు కోసినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. (కోసేటప్పుడు మత్తిచ్చారన్నది వేరే విషయం.)

సుయేలి మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "మీ అమ్మకి కడుపున పుట్టిన కొడుకు మాట కంటే రబ్బరు ముద్ర మాట మీద గురి ఎక్కువ. ముద్ర తెచ్చి ముందు పడెయ్యి, గోల వదిలిపోతుంది."

ముద్ర దొరికే చోటు ఒకటుంది. కడుపు కోయించుకున్నవాళ్లు ఏ హోటల్లోనైనా అరపళ్లెం భోజనం అడగొచ్చని ఆ ఊరి పురపాలక సంఘం చట్టం చేసింది. అందుకు ఒక కార్డు ఇస్తారు. దాని మీద మేయరు సంతకం, ఊరి చిహ్నం, ఉబ్బెత్తు ముద్ర, వెలుతురులో మెరిసే బిళ్ల, అన్నీ ఉంటాయి. ఎర్మెలిందమ్మ లాంటి మనిషి కూడా ఆ కార్డు ముందు లేచి నిలబడక తప్పదు.

కార్డు ఇచ్చే అల్పభోజన హక్కుల విభాగం ఒక బేకరీ పైన ఉంటుంది. అక్కడ గుమాస్తా మరీల్జా. వెన్నరొట్టె తుంచి నోట్లో వేసుకుంటూ అతని గుర్తింపు కార్డు అందుకుంది. ఫొటో చూసింది, అతన్ని చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"ఈయన రాలేదా?"

"ఆయనే నేనండీ."

"ఈయన నిండుగా ఉన్నాడు కదన్నా. చక్కగా బుగ్గలూ అవీ. నువ్వు ఈయన తమ్ముడివా?"

"తల్లీ, చిక్కానని కార్డుకొస్తే, చిక్కానని కార్డివ్వనంటావేం?"

"నేనెందుకు ఇవ్వనంటాను? ఆయన వస్తే ఇప్పుడే ఇస్తా."

గుర్తింపు కార్డులో ఫొటో మార్చుకోవాలంటే రాజధానికి దరఖాస్తు పెట్టాలి. పాత ఫొటోలో ఉన్న మనిషి స్వయంగా హాజరైతేనే వాళ్లు కొత్తది ఇస్తారు. ఈ విషయమై జురందీర్ ఆ విభాగానికి మూడుసార్లు తిరిగాడు. మూడోసారికి మరీల్జా జాలిపడింది. వెన్నరొట్టె సగం తుంచి ఇవ్వబోయింది. అతను వద్దన్నాడు. వద్దన్న సంగతిని ఆమె ప్రాథమిక సాక్ష్యంగా దస్త్రంలో నమోదు చేసి, అతన్ని పై అంతస్తుకు పంపింది.

పై అంతస్తులో అభోజన నిర్ధారణ సంఘం ఉంది. సభ్యులు ముగ్గురు. అధ్యక్షుడు డాక్టర్ ఎవరిస్తు గారు. (ఆయన డాక్టరు కాడు. ఆ ఊళ్లో మెడకు టై కట్టిన ప్రతివాణ్ణీ డాక్టరు గారనే పిలుస్తారు.) దరఖాస్తుదారు ముందు నిండు పళ్లెం పెడతారు. అరగంటలో అతను దాన్ని ముగించలేకపోవాలి. ముగిస్తే మోసం కేసు. మిగిలింది ప్రజల సొత్తు గనక పారేయడానికి వీల్లేదు, కాబట్టి సంఘమే దాన్ని స్వాధీనం చేసుకుంటుంది. ఈ నియమం వచ్చిన రెండేళ్లలో ముగ్గురు సభ్యులూ కలిసి అరవై ఒక్క కిలోలు పెరిగారు. ఇద్దరు ఇప్పటికే ఆపరేషను వరసలో పేర్లు రాయించుకున్నారు. మూడో ఆయన సభ్యత్వం ఇంకో ఏడాది పొడిగించమని కోరుతున్నాడు.

ఆ రోజు పళ్లెంలో పందిమాంసం పెట్టారు. ఒక సభ్యుడు చేతిలో టిక్కు టిక్కుమనే మీటతో ఎన్నిసార్లు నమిలాడో లెక్కపెడుతున్నాడు. ముగ్గురు పెద్దమనుషులు తన నోటికేసి కళ్లప్పగించి చూస్తుంటే ఎవడికి మాత్రం తిండి సహిస్తుంది? జురందీర్ నాలుగు ముద్దలు పద్ధతిగా తిన్నాడు. కంగారులో అయిదో ముద్దను పదకొండుసార్లు నమిలి మింగేశాడు. అది గుండెల దగ్గర అడ్డం పడింది. ఒళ్లంతా చెమటలు. నోట్లో నీళ్లూరాయి. కుర్చీ తన్నుకుంటూ మరుగుదొడ్డికి పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ఎవరిస్తు గారు తీర్మానం చదువుతున్నారు. "దరఖాస్తుదారు మిగిల్చినది, పళ్లెం దాదాపు పూర్తిగా. తిన్నది, అయిదు ముద్దలు. తిరిగి ఇచ్చినది, అయిదు ముద్దలు. మిగిల్చినదాన్ని సంఘం స్వాధీనం చేసుకున్నది. తిరిగి ఇచ్చినదాన్ని చేసుకోలేదు." (నియమాల్లోని ఈ లోపాన్ని త్వరలో సవరిస్తారట.)

"అంటే కార్డు వచ్చినట్టేనా డాక్టరు గారూ?"

"నీ కడుపు చిన్నదని తేలిందయ్యా. అందులో అనుమానం లేదు. ఆ కడుపు ఎవరిదన్నదే తేలాలి."

దానికీ ఒక దారి ఉంది. లావుగా ఉన్నప్పుడు దరఖాస్తుదారు తినగా కళ్లారా చూసిన రక్తసంబంధి ఎవరైనా, ఈ మనిషే ఆ మనిషి అని రాసి సంతకం చెయ్యాలి. జురందీర్‌కు తోబుట్టువుల్లేరు, పిల్లల్లేరు. తండ్రి లేడు. మిగిలింది ఒక్కరే. ఆ పేరు విని మరీల్జా కూడా నోట్లో రొట్టె నమలడం మానేసింది.

ఎర్మెలిందమ్మకు కబురు వెళ్లింది. రానంటుందేమోనని అతను భయపడ్డాడు. ఆవిడ మర్నాడు పొద్దున్నే, ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని, సంచిలో తన పాత ముద్ర, సిరాపెట్టెలతో సహా దిగింది. ఉద్యోగం మానేసి పన్నెండేళ్లయింది. ఇన్నాళ్లకు ఎవరో ఆవిడ్ని అధికారికంగా అడిగారు. ఫొటోను కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూసింది. కొడుకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"చెవులు మావాడివే," అంది.

"అయితే సంతకం పెట్టండమ్మా," అంది మరీల్జా.

"చెవులు చూసి సంతకం పెట్టేదాన్నైతే ఈ ఊళ్లో సగం ఆస్తులు ఎప్పుడో చేతులు మారేవి. ముప్పై ఒక్క ఏళ్లలో చూడకుండా ఒక్క ముద్ర గుద్దలేదు నేను."

"అమ్మా, నేనేనే," అన్నాడు జురందీర్.

ఆవిడ అతని మొహంకేసి చూడలేదు. సిరాపెట్టె మూత తీసింది, వేసింది. "మీ నాన్న పోయిన ఏడు, కచేరీలో పొద్దస్తమానం ముద్రలు కొట్టి ఇంటికొచ్చేదాన్ని. చేతులు లేచేవి కావు. నువ్వు గిన్నె ఊడ్చుకుని తిని, ఇంకా ఉందా అమ్మా అనేవాడివి. ఆ మాట కోసం మళ్లీ పొయ్యి వెలిగించేదాన్ని. నా కొడుకును నేను మొహం చూసి గుర్తుపట్టను. ఆ మాట విని గుర్తుపడతాను." తర్వాత మరీల్జా వైపు తిరిగింది. "రాసుకో అమ్మాయ్. ఆదివారం పన్నెండున్నరకు, మా ఇంట్లో విచారణ."

ఆదివారం కుర్చీ బల్ల దగ్గరికి వచ్చింది. (సాక్ష్యం కోసం మాత్రమే. పూలకుండీని తాత్కాలికంగా నేల మీద పెట్టారు.) బెండకాయ కోడికూర, సంకటి, చిక్కుడు గింజలు, అన్నం, ఆకుకూర, ఏదీ తక్కువ కాలేదు. మరీల్జా ప్రభుత్వం తరఫున ఒక మూల కూర్చుంది. ఆవిడకూ ఒక పళ్లెం పెట్టారు, ఆవిడ అభ్యంతరం చెప్పలేదు.

జురందీర్ మొదటి ముద్ద ముప్పైసార్లు నమిలాడు. రెండోది ముప్పైసార్లు. అతని జీవితంలో తల్లి వంట రుచి అంత వివరంగా ఎప్పుడూ తెలియలేదు. ఇన్నేళ్లూ మింగడమే కానీ తినడం ఎరగడు. బెండకాయల్లో ఆవిడ కాస్త నిమ్మరసం పిండుతుందని ఆ రోజే తెలిసింది. ఆ మాటే చెప్పాడు.

"నిమ్మరసం పిండావు కదమ్మా?"

ఎర్మెలిందమ్మ చేతిలో గరిటె ఆగింది. "ముప్పై నాలుగేళ్లుగా పిండుతున్నా. ఎవడూ కనుక్కోలేదు."

మూడో ముద్దకు అతని ముక్కు కారింది. చెంచా కింద పెట్టాడు. ఆవిడ ఎదురుచూసింది. అతను నోరు తెరిచి ఆ పాత మాట అందామనుకున్నాడు. ఇంకా ఉందా అమ్మా అంటే చాలు, కార్డు వస్తుంది, కొడుకుతనం వస్తుంది. కానీ అడిగితే ఆవిడ పెడుతుంది. పెడితే తినాలి. తింటే ఏమవుతుందో అభోజన సంఘం తీర్మానంలో వివరంగా ఉంది.

"చాలమ్మా," అన్నాడు. "చాలా బాగుంది."

ఆవిడ అతని పళ్లెం తన ముందుకు లాక్కుని, మిగిలినదంతా మెతుకు వదలకుండా తనే తినేసింది. చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, కాగితం ముందేసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. సంతకం చేసింది, ముద్ర గుద్దింది, ఆరేదాకా ఊదింది. మరీల్జా నిబంధన ప్రకారం పైకి చదివింది.

"విచారణలో తేలిందేమనగా, ఈ పెద్దమనిషి నా కొడుకు కాడు. అయినా నెమ్మదస్తుడు, వంట రుచి తెలిసినవాడు. ప్రతి ఆదివారం అతిథిగా రావడానికి నాకు అభ్యంతరం లేదు."