మెయిలర్ డీమన్‌పై సెక్షన్ 511

"గోదావరికి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ, నా కంట్లో పడకుండ తప్పించుకునే నేరస్థుడు ఇంకా పుట్టలే," అని ప్రకటించాడు షాలేమ్‌రాజు. ప్రకటించి, గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

చర్లలో అది రవికుమార్ నెట్ సెంటర్. మధ్యాహ్నం రెండు ఇరవై. షాలేమ్‌రాజు రవికుమార్‌కు చిన్ననాటి స్నేహితుడు. డిటెక్టివ్‌గా ఇంతవరకు పట్టుకున్నది ఒక్క మేకను. పట్టుకునేటప్పటికి అది సొంతదారు కొట్టంలోనే కట్టేసి ఉంది.

"ఏంది కేసు?" అన్నాడు.

"కేసు లేదు, ఏం లేదు. పోరా," అన్నాడు రవికుమార్.

"నా కొలువు పోతున్నదన్నా," అంది కంప్యూటర్ ముందు కూర్చున్న హేమ్లి.

భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి ఆమె దరఖాస్తు. నాలుగింటిలోగా సర్టిఫికెట్లు మెయిల్ చేయాలి. వానకు రోడ్డు కోసుకుపోయి బస్సు లేదు. ప్రకటనలో మెయిల్ అడ్రసు సగం చెరిగిపోతే, నిన్న ఫోన్ చేసి @ గుర్తుకు ముందున్న పేరు కనుక్కుంది. 'ముత్యాలమ్మ' అన్నారు. నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుంది. ఈరోజు ఫోన్ ఎత్తడం లేదు. రవికుమార్ మూడుసార్లు పంపాడు. మూడుసార్లూ తిరిగొచ్చింది.

షాలేమ్‌రాజు తెరమీదికి వంగాడు. "ఎవడు పంపిండు దీన్ని? మెయిలర్... డీమన్! డీమన్ అంటే దయ్యంరా!"

"సర్వర్‌ల నడిచే ప్రోగ్రాం పేరురా అది."

"దయ్యం ఎన్నడన్న తన పేరు దయ్యమని చెప్తదా? అక్కడే నీ తెలివి ఆగిపోయింది. ఇగో, 550. తర్వాత 5.1.1. ఐపీసీ సెక్షన్ 511! నేరం చేయబోయిన ప్రయత్నం!"

"ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది."

"దయ్యానికెట్ల తెలుస్తది మరి? చూడు, 'యూజర్ అన్‌నోన్'. గుర్తు తెలియని వ్యక్తి! ఈ అడవి అంచుల ఆ మాట గట్టిగ అనకుండ్రి. నక్సలైటనుకుని క్యాంపు పోలీసులు వస్తరు."

"నువ్వే అరుస్తున్నవ్ సార్," అంది హేమ్లి. రవికుమార్ వైపు తిరిగింది. "అసలు దానర్థం ఏందన్నా?"

"ఆ నంబరు నాలుగుతోటి మొదలైతే, జరసేపాగి మళ్ల పంపుమని. ఐదుతోటి మొదలైతే ఇగ పంపకుమని. ఆ పేరుతోటి అక్కడ ఎవరూ లేరంట."

"నిన్న నాతోటి మాట్లాడింది ఎవరు మరి?"

"చూసినవా? మనిషి మాయం!" అన్నాడు షాలేమ్‌రాజు.

రవికుమార్ స్పెల్లింగ్ మళ్లీ చూశాడు. తప్పు లేదు. తన నానమ్మ పేరు కూడా ముత్యాలమ్మే. ఆమె ఆధార్‌లో ఎట్లా ఉందో అట్లాగే కొట్టాడు.

అతను తల తిప్పేలోగా షాలేమ్‌రాజు వేలిముద్రల కోసం కీబోర్డు నిండా పౌడర్ చల్లాడు.

"నీ డిటెక్టివ్‌గిరీ తగలెయ్య!" అని రవికుమార్ కీబోర్డు బోర్లించి తుడవడం మొదలుపెట్టాడు. హేమ్లి సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని రోడ్డుమీదికి పోయింది. ఆమె మెయిల్ రెండో కంప్యూటర్‌లో తెరిచే ఉంది. షాలేమ్‌రాజు ఆమె నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక వేలితో కొట్టడం మొదలుపెట్టాడు.

మూడు నలభైకి కుర్చీలో వెనక్కి వాలాడు. "హెచ్చరిక పోయింది."

రవికుమార్ వచ్చి చదివాడు. 'ఓ గుర్తు తెలియని వ్యక్తీ! నీ ఆట కట్టింది. నాలుగింటిలోగా లొంగిపో. ఆధారాలు జతపరచడమైనది. డిటెక్టివ్ షాలేమ్‌రాజు.'

"ఆధారాలేందిరా?"

"చెల్లె సర్టిఫికెట్లు. బాధితురాలివి పెట్టాలె కద!"

రవికుమార్ తల పట్టుకున్నాడు. ఈసారి మెయిల్ తిరిగి రాలేదు. అడ్రసు చూశాడు. 'త' దగ్గర టీ పక్కన ఒక హెచ్ ఉంది. చర్చిలో పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి తెరమీద వేసేది షాలేమ్‌రాజే. ఎక్కడ 'త' కనబడినా హెచ్ తగిలిస్తాడు. నానమ్మ ఆధార్‌లో ఆ హెచ్ లేదు.

"హేమ్లీ, జల్దీ రా!"

మూడు యాభై రెండుకు జవాబు వచ్చింది. హేమ్లి పైకి చదివింది.

"సర్టిఫికెట్లు గడువులోగా అందినవి. సోమవారం పది గంటలకు ఇంటర్వ్యూకు రావలెను. ఇట్లు, ముత్యాలమ్మ." ఆమె కళ్లు తుడుచుకుని కింది ముక్క కూడా చదివింది. "లొంగిపోవడానికి ఎక్కడికి రావాలో మీరు రాయలేదు. నేను ఐదింటిదాకా ఆఫీసులోనే ఉంటాను."

షాలేమ్‌రాజు కాలర్ సవరించుకున్నాడు.

"రవిగా, బేడీలు కిరాయికి యాడ దొరుకుతయిరా?"