ఇంజన్ విప్పండి, మిగతాది పార్ట్ టూలో!

మోటార్ సైకిల్‌తో పాటు రిపేరు పుస్తకం ఇవ్వకపోవడం కంపెనీలు మనకు చేసిన మహోపకారం! కాదంటారా? పుస్తకం చూసి నట్టు విప్పేవాడు ఏం సాధిస్తాడు? బండి బాగవుతుంది, అంతే. అదే వీడియో చూసి విప్పేవాడికి ఓర్పు వస్తుంది, హిందీ వస్తుంది, కాస్త తమిళం కూడా వస్తుంది.

నమ్మకం లేకపోతే పెద్దవంగర ఊళ్లో గోవర్ధన్‌ను అడగండి. సోమవారం పొద్దున అతని భార్య సింధూజకు జనగామలో నర్సు ఉద్యోగం పరీక్ష. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన పుస్తకం పెట్టుకుని చదివిన చదువు అది. ఆమెను వేళకు అక్కడ దింపే పూచీ గోవర్ధన్‌ది. బండి నడుస్తూనే ఉంది. ఇంజన్‌లో కొంచెం టకటక చప్పుడు తప్ప వేరే రోగం లేదు. కానీ బాధ్యత గల భర్త కదా, ఆదివారం పొద్దున్నే పానా పట్టుకున్నాడు.

"నడిచే బండిని ఎందుకు గెలుకుతవ్? తన్వీర్ భాయ్‌కి చూపియ్యరాదు" అంది సింధూజ.

"దారిల ఆగితే ఎట్ల? జర నేనే చూస్త."

ఊరి మెకానిక్ తన్వీర్ చెల్లెలి పెళ్లికని భూపాలపల్లి పోయాడు. మానుకోటలో, అదే మన మహబూబాబాద్‌లో, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఆదివారం సెలవు. అయితేనేం? జేబులో విశ్వవిద్యాలయం ఉండగా భయమెందుకు!

'ఐదు నిమిషాల్లో ఇంజన్ సౌండ్ మాయం!' అనే వీడియో దొరికింది. గురువుగారు ముందు తన కొత్త మైకును, తర్వాత కొత్త టీషర్టును పరిచయం చేసి, గంట నొక్కమని బతిమాలి, చివరికి ఇంజన్ మూత తీయమన్నాడు. గోవర్ధన్ తీశాడు. లోపల వాల్వులు, వాటిని నొక్కే మీటలు. రెండింటి మధ్య వెంట్రుకంత సందు ఉండాలట. ఎక్కువైతే చప్పుడు, తక్కువైతే బండే స్టార్ట్ కాదు. "మరి సరిగ్గా ఎంత ఉండాలి? అది పార్ట్ టూలో చెప్తా బ్రో!"

ఎంత గొప్ప బోధన! పాఠమంతా ఒకేసారి చెప్పేసి మన పంతుళ్లు మనల్ని ఎంత పాడుచేశారో ఇప్పుడు అర్థమైందా?

పార్ట్ టూ ఇంకా పుట్టలేదు. కామెంట్లలో ఒక భక్తుడు రాశాడు: "అన్నా, నీ వీడియో చూసి ఇంజన్ విప్పిన. మొన్న కాళేశ్వరం పోయినం, ఆర్టీసీ బస్సుల." గురువుగారు దానికి ఎర్ర గుండె బొమ్మ పెట్టి ఆశీర్వదించాడు. "సందెంత అన్నా? రేపు పరీక్షున్నది" అని గోవర్ధన్ కూడా అడిగాడు. అతనికీ ఒక గుండె దక్కింది.

ఇక వేరే గురువులను వెతికాడు. తమిళాయన వీడియోలో సరిగ్గా అసలు ఘట్టానికి చెయ్యి కెమెరాకు అడ్డం వచ్చింది. హిందీ ఆయన 'అందాజ్ సే', అంటే ఉజ్జాయింపుగా, అని తేల్చేశాడు. ఇంతలో నులక మంచం మీద వరసగా పరిచిన సామాన్లలోంచి ఒక రాగి వాషర్ అల్లికలోకి జారి కింద పడింది. కోడి దాన్ని గింజనుకుని ముక్కున కరుచుకుని ఉరికింది. దాని వెంట గోవర్ధన్ వాడంతా ఉరికాడు. పుస్తకం చూసి చేసేవాళ్లకు ఈ వ్యాయామం దొరుకుతుందా చెప్పండి!

ఎట్టకేలకు వాషర్ దక్కింది. అప్పుడు తల్లి భూలక్ష్మికి గుర్తొచ్చింది. "బండితోని ఇచ్చిన బుక్కు దేవునికాడ ఉన్నది గద బిడ్డా!"

నిజమే. బండితో నిమ్మకాయలు తొక్కించిన రోజే ఆ పుస్తకానికీ పసుపు కుంకుమ పెట్టి, కవరు చింపకుండా దేవుడి అరలో ఉంచారు. ప్రతి దసరాకూ దానికి పూజ జరుగుతుంది. చదివే సాహసం మాత్రం ఎవరూ చేయలేదు.

గోవర్ధన్ దండం పెట్టి కవరు చింపాడు. ఇంగ్లిష్‌లో ఉంది కనుక సింధూజ చదివింది. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలి? బొమ్మతో సహా ఉంది. తాళంచెవి ఎటు తిప్పాలి? ఉంది. పెట్రోలు ఎక్కడ పోయాలి? అదీ ఉంది! వాల్వు సందు? 'మా సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి.'

"ఒక్క అంకె రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అని సింధూజ మండిపడింది.

"కూరల ఉప్పు అందాజగ ఏస్తలేమా? గిది గూడ గంతే" అని ధైర్యం చెప్పింది భూలక్ష్మి.

గోవర్ధన్ అందాజాగానే బిగించేసరికి అర్ధరాత్రి దాటింది, వాడంతా నిద్రలో ఉంది. సోమవారం పొద్దున చూస్తే వీడియో మాట నిజమే, టకటక మాయం! అసలు ఏ చప్పుడూ లేదు. కాలు వాచేదాకా కిక్కు కొట్టినా ఇంజన్ మౌనవ్రతం వీడలేదు.

ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని, మళ్లీ ఆటోలో పోయేసరికి పరీక్ష సెంటర్ గేటు అప్పుడే మూశారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఒప్పుకోరు. కాలం విలువ తెలిసిన దేశం కదా మనది!

"అన్నా, జర తియ్యరాదే. నీకు దండం పెడ్త" అని సింధూజ కాపలాదారును వేడుకుంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గేటు ఊచలు పట్టుకుని ఏడ్చింది. సరిగ్గా అప్పుడే గోవర్ధన్ ఫోన్ మోగింది. పార్ట్ టూ వచ్చేసింది! "ఈ పని ఇంట్లో చేయకండి బ్రో, మెకానిక్ దగ్గరికే పోండి" అని దాని మొదటి మాట.

కంపెనీ దొరలారా, ఆ అంకెను అలాగే భద్రంగా దాచుకోండి. నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి మా చేతిలో పెడితే మాకు ఇంత భక్తి ఎక్కడిది?

ఇంటికి వచ్చాక సింధూజ ఆ పుస్తకాన్ని మళ్లీ దేవుడి అరలో పెట్టింది. పక్కనే తన హాల్‌టికెట్ కూడా పెట్టింది. భూలక్ష్మి రెండింటికీ బొట్టు పెట్టింది.