వియ్యంకుల శీతల సంగ్రామము

స్వస్తి! సూర్యుడు సైతము ముసుగుతన్ని పడుకొని లేచుటకు బద్ధకించు ఉత్తరదిక్కున, వేడినీరు విసరినచో నేల చేరులోపల మంచుగుండయగు ఘోరశీతకాలమున, సంవత్సరాంతదినమున, ఉదయము ఆరుగంటల యేబది నిమిషములకు, గనుల నగర వాతావరణకేంద్రమున, ముప్పదియొక్క యేండ్లుగా ఉష్ణమాపకమునే ఉపాసించినవాడును, ఇరుగుపొరుగుచే "డిగ్రీల మామయ్య" యను బిరుదు పొందినవాడును, ఆ సాయంత్రమే పదవీవిరమణ చేయనున్నవాడును అగు పరిశీలకోత్తముడు, ఎడమకాలి బూటును కుడికాలికి తొడుగుటకై వీరోచితముగా పెనుగులాడుచుండెను.

ఆ మహానుభావునకు పరమశత్రు వొక్కడు కలడు. నదీతీర నగరమున అట్టి కేంద్రమునందే అట్టి ఉద్యోగమునే వెలగబెట్టుచున్న ఆ శత్రువు మరెవ్వరో కాదు, సాక్షాత్తు తన కూతురి మామగారు. పెండ్లినాడు మర్యాదలను గూర్చి కాక, ఎవరి ఊరు ఎక్కువ చలి యను విషయమై అలిగి పందిరి విడిచి వెళ్లిన వియ్యంకులు భూమండలమున వీరిద్దరే.

"మా ఊళ్ళో మంచుపొగ కమ్మితే చాచిన చేతికి వేళ్ళున్నాయో లేవో తెలీదు. రాత్రి ఇంజను ఆపినవాడు మళ్ళీ ఎండాకాలంలోనే బండి తీయాలి," అని నదీతీరాధిపతి గర్జించును.

"గాలి కదలని చలి కూడా ఒక చలేనా బావగారూ? మా గాలి ఒక్కసారి చెంప నిమిరిందంటే రెండు రోజులు నవ్వలేరు," అని గనులనగరాధీశుడు ప్రతిగర్జించును.

తుదకు పెద్దమనుషుల ఒడంబడిక యొకటి కుదిరెను. ఏటేటా సంవత్సరాంతదినమున, సరిగా ఏడుగంటలకు, ఎవరి ఉష్ణమాపకమును వారు రెండుమార్లు చూచి, రెండవ చూపున కనబడిన అంకెను పుస్తకమున వ్రాసి, ఫోనులో చెప్పుకొనవలెను. ఓడినవాడు "మీ ఊరే చలి, బావగారూ" అని నోరారా ఒప్పుకొనవలెను. తొమ్మిదేండ్లుగా ఆ వాక్యమును అప్పగించి అప్పగించి మన మామయ్య నాలుక కాయలు కాచినది. నేడును ఓడెనా, ఇక వచ్చే ఏడనునది లేదు.

"ఏమండీ, మఫ్లరు! ముక్కు ఊడి పడితే అతికించడం నా వల్ల కాదు," అని ధర్మపత్ని వంటగదినుండి కేకవేసెను. "ఆ అంకెలేవో చూసి తొందరగా రండి, టీ చల్లారిపోతుంది."

అంతట ఆ ధీరుడు గుమ్మము దాటి, నలుబది యడుగుల దూరమున నాలుగుకాళ్లపై నిలిచి ఉష్ణమాపకమును కడుపున దాచుకొన్న తెల్లని చెక్కపెట్టెవైపు దండయాత్ర సాగించెను. చండమారుతము కోటులోని ప్రతి బొత్తామును పేరుపేరునా పలుకరించెను. కనురెప్పలు ఒకదానికొకటి అతుకుకొనెను. "ఓరీ దురహంకార ప్రభంజనమా! ముప్పదియొక్క యేండ్లు నీ ముష్టిఘాతముల కోర్చిన ఈ వక్షఃస్థలము నేడు వెనుదిరుగునని తలచితివా? నీలోని సమస్తశైత్యమును ఈ యొక్క నిమిషము నా పెట్టెపై కుమ్మరింపుము!" అని మనసున ఆయన ప్రకటించెను గాని, మఫ్లరు దాటి వెలువడినది మాత్రము "అమ్మో... అమ్మో..." అనుటయే.

ఈ వృత్తిలో ఒక కఠోరనియమము కలదు. ఆ చలికి పాదరసము గడ్డకట్టును గనుక, గాజుగొట్టమున ఎర్రరంగు సారాయమును నింపుదురు. పెట్టె తెరచినపిమ్మట పరిశీలకుడు ఊపిరి బిగబట్టవలెను. మనిషి శ్వాస సోకెనా, ఆ ఎర్రగీత సిగ్గువిడిచి పైకి ఎగబ్రాకును.

మామయ్య ఊపిరి బిగబట్టెను. తలుపు తెరచెను. మొదటి చూపు చూచెను.

మైనస్ యాభై ఒకటి పాయింట్ ఆరు!

తొమ్మిదేండ్లలో ఎన్నడును ఈ పెట్టెలోని గీత ఇంత దిగలేదు. ఆనందము ఆపుకొనలేక ఆ వీరుడు "ఆహా!" అని యెలుగెత్తి యరచెను. తెల్లని ఆవిరి గొట్టమును కమ్మివేసెను. ఆవిరి తొలగిన పిదప రెండవ చూపున కనబడినది పాయింట్ మూడు.

చుట్టుపక్కల పురుగైనను లేదు. వ్రాయువాడు తానే, సాక్షియు తానే. పెన్సిలు "యాభై ఒకటి" వరకు వ్రాసి ఆగెను. ఆరు వేసినచో అడుగువాడు లేడు. ఇన్నేండ్లలో ఒక్క అంకెనైన మార్చియెరుగని ఆ చేయి, కన్నీరు రెప్పలమీదనే గడ్డకట్టుచుండగా, మూడు వేసెను.

లోనికి అడుగిడగానే ఫోను మ్రోగెను; అవతల నదీతీరాధిపతి. "చెప్పండి బావగారూ."

"మూడు. మైనస్ యాభై ఒకటి పాయింట్ మూడు. ముందు ఆరే ఉంది. సంతోషం పట్టలేక అరిచాను, ఊపిరి తగిలింది. నా ఖర్మ. సరే, ఆ మాట చెప్పేస్తాను, వినండి—"

"ఆగండాగండి. నాకూ యాభై ఒకటే, కాని పాయింట్ రెండు."

"రెండా?"

"మొదట ఏడే కనబడింది. మళ్ళీ గెలిచాననుకున్నాను. ఇంతలో మీరు గుర్తొచ్చారు. చివరి ఏడాది కదా, పాపం ఈసారైనా గెలవలేదే అని ఒక్క నిట్టూర్పు వదిలాను. గీత గబగబా రెండు దాకా పాకింది." నదీతీరాధిపతి గొంతు సవరించుకొనెను. "మీ ఊరే చలి, బావగారూ."

మామయ్య తన పుస్తకములోని మూడును మరియొకసారి చూచుకొనెను. తాను ఆరు వేయనట్లే, అక్కడ ఆయనయు ఏడు వేయలేదు. ఇంతటి వియ్యంకునితో పదేండ్లు పోట్లాడుట తన అదృష్టమని ఆయనకు తోచెను.

కావున సకలజనులకు తెలియజేయునది ఏమనగా: నాటి ఉదయము ఏడు గంటల నాలుగు నిమిషములకు, ఒక కేకకును ఒక నిట్టూర్పునకును నడుమ జరిగిన ఆ మహాసంగ్రామమున, గనుల నగరము నదీతీర నగరముపై, ఒక డిగ్రీలో పదవవంతు తేడాతో, తిరుగులేని దిగ్విజయమును సాధించెను.