ఆవిష్కరణ ఫొటోలో నడిమి జాగ కొరకు భూపతి కవి చేసిన యుద్ధము

సాహితీబంధువులారా, చెవులొగ్గి వినుడు! వాట్సాపు మహాయుగమున, కోమటిచెరువు చల్లగాలులు సోకి ప్రతి వాడకట్టున నొక కవియు, ప్రతి కవికి నొక ప్రతికవియు మొలకెత్తు సిద్దిపేట పట్టణమున, పొద్దుననే యని ఆహ్వానపత్రికలో వేసి భోజనవేళకు మొదలగు ఒకానొక పుస్తకావిష్కరణసభలో ఘోరసంగ్రామము సంభవించెను. నవ్వకుడయ్యా, నేను కల్పించి చెప్పుటలేదు.

ఆ రణమునకు నాయకుడు భూపతి. కొండపాక బడిలో లెక్కలు చెప్పుచు, ఇంట వచనకవితలల్లుచు, తన ఏకైక గ్రంథపు కట్టలను మంచము క్రింద కాపాడుకొనుచున్న అభిమానధనుడు. ప్రతినాయకుడు ఓంప్రకాశ్, భూపతికి బాల్యమిత్రుడు, నాటి సభలో వెలుగు చూడనున్న మూడవ పుస్తకమునకు కర్త. మిత్రుని మొదటి పుస్తకమునకు భూపతి సంతోషించెను, రెండవదానికి పొడిదగ్గు దగ్గెను, మూడవదాని కబురు విని అన్నము మానెను. అసూయకు ఏ దవాఖానలోను మందు లేదు గదా!

అంతకు మించిన గాయము మరొకటి కలదు. గడచిన సభ ఫొటోలో అంచున నిలిచిన భూపతిని పత్రికవారు కోసివేయగా, జిల్లా పేజీలో ఆయన మోచేయి మాత్రమే మిగిలెను. ఇల్లాలు యాదలక్ష్మి ఆ మోచేతినే వాడకట్టంతయు చూపి, నమ్మువారు లేక చిన్నబోయి వచ్చెను. ఆమె ముఖము చూడలేక భూపతి భీషణప్రతిజ్ఞ చేసెను.

"ఈపారి నడిమిట్ల నిలవడ్త. నా మొఖం పేపర్ల రాకుంటే ఇగ కవిత్వమే రాయ."

సభ సాగెను. పుస్తకము తెరువకయే వేనోళ్ల పొగడుట అచటి సదాచారము గాన, వక్త లందరును అట్లే పొగడిరి, భూపతియు పొగడెను. అంతట ఫొటోగ్రాఫరు షాహిద్ అందరిని రమ్మని పిలిచినంతనే, శాలువాలు రెపరెపలాడ, కుర్చీలు కిర్రుమన, అధ్యక్షులవారి భుజాఘాతమును సహించి, కథారచయిత్రి శైలజమ్మ చేతిసంచి ప్రహారమును తప్పించుకొని, మైకుతీగను లంఘించి, ఆ మహావీరుడు ఓంప్రకాశ్ ప్రక్కన నట్టనడుమ పాదము మోపెను. ఇక కదల్చువాడు లేడు.

అట్టి సమయమున, తలా ఒక ప్రతిని అట్ట కెమెరావైపు త్రిప్పి పట్టుకొనవలయునను ఆచారము అడ్డుపడెను. "సార్, బుక్కు జర మీదికి లేపుండ్రి" అనెను షాహిద్. భూపతి లేపెను. ఫ్లాషు వెలుగదాయె. షాహిద్ దానిని తట్టుచుండగా, కదలరాక నిలిచిన భూపతి కన్నులయెదుట వెనుక అట్టమీది కవిత నిలిచెను.

అది ఓంప్రకాశ్ తన తల్లి రామవ్వపై వ్రాసిన కవిత. జలాశయములో మునిగిన వేములఘాట్ గ్రామమునుండి వచ్చిన ఆ ముసలితల్లి, కొత్త కాలనీలో పాత వాకిలంత మేర పేడనీళ్ల సాన్పి చల్లగా, అది రోడ్డు దాటి ఎదురింటి గడపదాక పోయినదట. ఆ పాత వాకిట్లో ఆమె చేతి జొన్నరొట్టె తిన్నవాడే భూపతి. అక్షరములు మసకబారగా పుస్తకమును మరింత దగ్గరకు తెచ్చుకొనెను. అప్పుడే ఫ్లాషు మెరిసెను.

మరునాడు జిల్లా పేజీలో అందరి నడుమ భూపతి కొత్త అంగీ కలదు, రెండు చేతులు కలవు, ముఖమున్న చోట ఓంప్రకాశ్ పుస్తకము కలదు. యాదలక్ష్మి పేపరును చాలసేపు చూచి, అంగీ మటుకు మంచిగ వచ్చిందనెను. ప్రతిజ్ఞ మాట ఆ సాధ్వి ఎత్తలేదు. భూపతి ఫోను తీసెను.

"ఓంప్రకాశూ, అవ్వ మీది కవిత సదివిన రా. శాన మంచిగ రాసినవ్."

ఓంప్రకాశ్ మెల్లగా అడిగెను.

"మొత్తం సదివినవా?"

"మొత్తం సదివిన."

దిక్కులారా వినుడు, దిక్పాలకులారా వ్రాసికొనుడు! సిద్దిపేట పట్టణమున నొక కవి మరియొక కవి కవితను చివరిదాక చదివెను.